నా నోట రాని పేరు

సోమవారం

నిన్న సభలో మరో పేరును వెనక్కి తిప్పి పంపాను. మనసు తేలిగ్గా ఉంది.

టైర్ల కొట్టు పైన మా ప్రార్థన హాలు కిటకిటలాడింది. బేకరీలో పనిచేసే అతను, అతని భార్య బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టారు. తల్లి నా చెవి దగ్గరికి వచ్చి పేరు చెప్పింది. ఈ పద్ధతి నేను పెట్టిందే. పేరు ముందు ప్రసంగించేవాళ్ళ చెవిలో పడాలి. వాళ్ళు దాన్ని గొంతెత్తి పిలవాలి, సభ ఆమేన్ అనాలి. అప్పటిదాకా ఆ బిడ్డకు పేరు లేనట్టే. పేరు తగనిదైతే "ఇది నా నోట రాదు" అంటాను. అలా అనిపించుకున్న పేరు మళ్ళీ మా హాలు గుమ్మం తొక్కదు. ఎవరి బిడ్డకూ పనికిరాదు.

ఆమె చెప్పిన పేరు లక్కీ.

"ఇది నా నోట రాదు," అన్నాను. ఆ పైన అరగంట దంచాను. సిలువ కింద కూర్చుని చీట్లేసుకుని ప్రభువు బట్టలు పంచుకున్న సైనికులు కూడా అదృష్టాన్ని నమ్ముకున్నవాళ్ళే, మీ బిడ్డను ఆ వరసలో కూర్చోబెడతారా అని అడిగాను. వెనక బెంచీలో ఒకాయన లేచి నిలబడ్డాడు. తల్లి కళ్ళు తుడుచుకుంది. పశ్చాత్తాపం అలాగే మొదలవుతుంది.

ఇంటికొస్తూ మా ఆయన అన్నారు, "ఎదురింటివాళ్ళ కుక్క పేరు కదే అది. నిన్ను కరిచింది కూడాను."

"దానికీ దీనికీ ఏం సంబంధం లేదండీ."

"ఏమో. కుక్కనడిగితే ఏమంటుందో."

మా ఆయన నలభై ఏళ్ళు కరెంటు పని చేశారు. ఎక్కడ ముట్టుకుంటే షాక్ కొడుతుందో తెలుసు, తెలిసే ముట్టుకుంటారు.


మంగళవారం

నేను పనిచేసే ఆసుపత్రిలో నంబర్లు చూపించే బోర్డు ఇంకా బాగు కాలేదు. అది చెడిపోవడమే మంచిదైంది. చీటీ మీద పేరు చూసి నేనే పిలుస్తున్నాను. ఆరుబయట మైకు లేకుండా ప్రసంగాలు చేసిన గొంతు ఇది. కంటి ఆసుపత్రి వరండా దీనికి ఒక లెక్కా. చెవిటివాళ్ళు కూడా లేచి వస్తున్నారని నర్సు అంటుంది.

నాకు పడని పేర్లు వచ్చినప్పుడు పేరు పెట్టి పిలవను. ఇవాళ ఒక ముసలాయన చీటీ మీద జయరాజు అని ఉంది. "గొడుగాయనా" అన్నాను. లేచి వచ్చాడు. ఎవరికీ నష్టం లేదు.

ఆ పేరు ఎందుకు పడదంటే, రాజు అన్న మాట పైనున్న ఒక్కడికే చెందాలి. జయం కూడా ఆయనదే. రెండూ కలిపి ఒక మనిషి నెత్తిన పెడితే వాడు నిలువునా చెడతాడు. చెడినవాణ్ణి చూశాను కూడా. నేను జలప్రళయం ప్రసంగంలో, ఓడ తలుపు మూసుకునే ఘట్టంలో ఉండగా, జనం ఊపిరి బిగబట్టి వింటుండగా, మైకు కట్టేసి, "ఇక చాలమ్మా, భోజనాల వేళయింది" అన్న పెద్దమనిషి పేరు అదే. తర్వాత సగం జనాన్ని వెంటేసుకుని పోయి పక్క వీధిలో వేరే హాలు పెట్టుకున్నాడు.

మైకు సంగతి నేనెప్పుడో మర్చిపోయాను. పేరులోనే ఉంది దోషం.


బుధవారం

అమ్మాయి ఫోన్ చేసింది. పాప ఎలా ఉందంటే బాగుందంది. నిద్రపోతోందా అంటే పోతోందంది. అడిగినంతకే జవాబు. మా అమ్మాయి నోరు కట్టేసుకుందంటే లోపల ఏదో ఉడుకుతున్నట్టే.

"అమ్మా, వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం పాపకు పేరు పెడదాం. పేరు నీకు ముందే చెబుతున్నా. అందరి ముందూ నాటకం వద్దు."

"చెవిలో చెప్పేదాకా చెప్పకూడదు. అది పద్ధతి."

"పెద్దమ్మ పేరు పెడుతున్నాం."

ఫోన్ బాగానే వినిపిస్తోంది. అయినా మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది, ఈసారి పేరుతో సహా.

ఆ పేరు ఈ పుస్తకంలో రాయను. మూడక్షరాలు. రాయకపోతే కొంపలేం మునగవు.

"అది నా నోట రాదు," అన్నాను.

"వస్తే మన హాల్లో పెడతాం. రాకపోతే పక్క వీధి హాల్లో పెట్టించుకుంటాం. అక్కడ పెట్టించుకుంటే ఇక ఎప్పుడూ అక్కడికే వెళ్తాం. పేరు ఒక చోట, ప్రార్థన ఒక చోట కుదరదని నువ్వే అన్నావు."

అన్నాను. ఒకసారి కాదు, ఎన్నోసార్లు అన్నాను. నా ప్రసంగాలు ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకరు లేరు.

"బెదిరిస్తున్నావా?"

"లేదమ్మా. ఏ రోజో చెబుతున్నా, అంతే."


గురువారం

కారణాలు వెతుక్కోనక్కర్లేదు, వాటంతటవే వస్తున్నాయి. వాక్యగ్రంథం మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఆ పేరు గలవాళ్ళు ఒక్కరూ లేరు. టీ తాగుతూ ఈ మాట పైకే అన్నట్టున్నాను.

"నీ పేరు మాత్రం ఉందా ఏంటి?" అన్నారాయన.

ఆ పేరుకు అర్థం కూడా మంచిది కాదు. వెలుగు కాదు, మెరుపు. వెలుగు నిలబడుతుంది. మెరుపు ఒకసారి మెరిసి, అందరి కళ్ళూ తన మీదికి తిప్పుకుని, చీకటిని మిగిల్చి పోతుంది. దీని మీద మంచి ప్రసంగం చేయవచ్చు.

అక్క మీద నాకేం కోపం లేదు. అసలు ఎవరి మీదా కోపం లేదు. ఇది పేరుకు సంబంధించిన సంగతి.


శుక్రవారం

ఆసుపత్రిలో చిన్న పొరపాటు జరిగింది. డాక్టరమ్మ పెద్దది చేస్తోంది.

పొద్దున్న చీటీల్లో ఒకదాని మీద అదే పేరు. అక్క కాదు, ఎవరో ముసలావిడ. వరండాలోకి చూశాను. నీలం శాలువా కప్పుకుని కూర్చుంది. "నీలం శాలువా ఆవిడా" అని పిలిచాను. స్తంభం వెనక ఇంకో నీలం శాలువా ఉందని నాకెలా తెలుస్తుంది? ఆ రెండో ఆవిడ లేచి వచ్చింది. నర్సు కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, రెండు కళ్ళలోనూ కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసింది. ఆవిడ వద్దనలేదు. "చల్లగా ఉన్నాయమ్మా, మా ఆయనక్కూడా వెయ్యి," అంది. తీరా చూస్తే ఆవిడ వాళ్ళాయన కళ్ళజోడు తీసుకుపోవడానికి వచ్చింది. ఇక చూపంతా మసక. ఆ కళ్ళజోడాయనే చెయ్యి పట్టుకుని ఆవిణ్ణి గోడ వెంబడి నడిపించుకుపోయాడు.

అసలావిడ మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది. చివరికి తానే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నన్ను పిలవలేదేమ్మా? ఎప్పుడు పిలుస్తారో అని పొద్దుటి నుంచీ చెవులు రిక్కించుకుని కూర్చున్నా."

"వినబడలేదేమోనమ్మా," అన్నాను.

డాక్టరమ్మ గదిలోకి పిలిచింది. నా కూతురి వయసు ఉంటుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగింది, "చీటీ మీద పేరుంది. మీకు చదవడం వచ్చు. గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. మరి శాలువాను ఎందుకు పిలిచారు?"

"ఆ పేరు నాకు పడదు డాక్టరమ్మా."

"నాకు కొంతమంది కళ్ళు పడవు. చూడటం మానేస్తానా?"

నేను వాక్యం ఎత్తబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"సోమవారం నుంచి ఎవరినైనా పేరు పెట్టే పిలవాలి. మీ వల్ల కాకపోతే చెప్పండి, పాత ఫైళ్ళ గదిలో వేస్తాను. అక్కడ ఎవరినీ పిలవక్కర్లేదు."

పాత ఫైళ్ళ గదికి కిటికీ కూడా లేదు. నా గొంతును తీసుకెళ్ళి అక్కడ పెడతారట.


శనివారం

రేపటికి కాపరి ఘట్టం అనుకున్నాను. తన గొర్రెలను పేరు పెట్టి పిలిచేవాడు. వద్దు. ఎడారిలో పాముల ఘట్టం చెబుతాను.


ఆదివారం

పాములు బాగా కుదిరాయి. ఇద్దరు ఏడ్చారు.


సోమవారం

ఇవాళ ఆ పేరుతో ఎవరూ రాలేదు. పైవాడు నా పక్షాన ఉన్నాడు.

పని అయ్యాక అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అల్లుడు డ్యూటీలో ఉన్నాడు, బస్సు నడుపుతాడు. బల్ల మీద నాది కాని కళ్ళజోడు పెట్టె కనిపించింది. అడగలేదు. అమ్మాయే చెప్పింది, "పెద్దమ్మ మందుల షాపుకెళ్ళింది. వచ్చేస్తుంది."

"నేను ఎక్కువసేపు ఉండను."

"తెలుసు."

పాప నిద్రలో ఉంది. పిడికిలి విప్పి చూస్తే లోపల దుప్పటి పోగు ఒకటి గట్టిగా పట్టుకుని ఉంది. మా వంశం పట్టు.

"ఇంతమంది ఉండగా ఆ పేరే దొరికిందా?" అన్నాను.

అమ్మాయి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆ మడత ఆపకుండానే మాట్లాడింది. "నొప్పులొచ్చినప్పుడు నీకు ఫోన్ చేశాను. మా ఆయన చేశారు. నాన్న చేశారు."

"ప్రార్థన కూటాల్లో ఉన్నాను. ఫోన్ సంచిలో ఉంది. దేవుని పని మీద వెళ్ళినదాన్ని."

"అవునమ్మా. పెద్దమ్మకు ఏ పనీ లేదు, అందుకని వచ్చింది. నా నడుం పట్టుకుని తెల్లారేదాకా కూర్చుంది. నేను తిట్టాను కూడా. పడింది."

"దాన్ని ఎవరు పిలిచారు?"

"నాన్న."

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాను. ఆయన ఫ్యాను విప్పి బల్ల మీద పరుచుకుని ఉన్నారు.

"మీరు పిలిచారా?"

"పిలిచాను. పేరు పెట్టి మరీ పిలిచాను. నాకేం కాలేదు చూడు." నాలుక బయటపెట్టి చూపించారు.

ఈ మనిషితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశానో రాస్తే అదే పెద్ద సాక్ష్యం అవుతుంది.


మంగళవారం

నాకు ఎవరి మీదా కోపం లేదు.


గురువారం

ఇవాళ ఆసుపత్రికి అందరికంటే ముందు వెళ్ళాను. వరండా ఖాళీ. కుర్చీలన్నీ గోడ వైపు తిప్పి ఉన్నాయి, తుడిచేవాళ్ళు ఇంకా సర్దలేదు. ఆ పేరుతో రోగులు ఎప్పుడో ఒకప్పుడు వస్తారు, ఫైళ్ళ గదికి పోవడం నాకిష్టం లేదు, కాబట్టి నోటికి అలవాటు చేద్దామనుకున్నాను. ఉద్యోగం కోసమే. ఖాళీ కుర్చీలను పిలవడానికి నోరు తెరిచాను. మొదటి అక్షరం వచ్చింది. రెండోది రాలేదు.

పిలవడం రాకపోవడం కాదు. ఆ పేరుకు పలకడం నాకు వచ్చు. బాధ అదే.

అక్క తనకిష్టమైనవాడితో వెళ్ళిపోయింది. నాన్న గుమ్మం తొక్కనివ్వనన్నాడు, అది తొక్కడానికి రాలేదు. అమ్మ మంచాన పడ్డాక నేనున్నాను. దుప్పట్లు మార్చింది నేను. వీపు పుండ్లకు మందు రాసింది నేను. చెంచాతో నీళ్ళు పోసింది నేను. అమ్మ కళ్ళు తెరిచేది, నా మొహంలోకి చూసేది, ఆ పేరు పెట్టి పిలిచేది.

మొదట్లో సరిదిద్దాను. "నేనమ్మా, చిన్నదాన్ని." అమ్మ మొహం మీద దీపం తగ్గించినట్టయ్యేది. మూతి బిగించుకునేది. నీళ్ళు లోపలికి పోయేవి కావు. అందుకని ఒకరోజు పలికాను. అమ్మ నీళ్ళు తాగింది. మర్నాడు కూడా పలికాను, మందు మింగింది. ఇక ఎప్పుడు పిలిచినా పలికాను. తలమీద చెయ్యి పెట్టింది, బుగ్గ నిమిరింది, నా తల్లే వచ్చావా అంది. అన్నీ ఆ పేరుకే. ఆఖరిసారి పిలిచిందీ దాన్నే.

నా పేరు అమ్మ నోట మళ్ళీ రాలేదు.

గుడ్డివాడైన తండ్రి ముందు అన్న బట్టలు వేసుకుని నిలబడి దీవెన కొట్టేసిన తమ్ముడి మీద ఎన్ని ప్రసంగాలు చేశానో. ఆ తమ్ముడు మోసగాడే అయినా, దీవెన మాత్రం వాడికి దక్కింది. నేను అక్క పేరు తొడుక్కుని కూర్చున్నాను, దీవెన ఎక్కడో దూరాన ఉన్న అక్కకు పోయింది. మోసమూ నాదే, నష్టమూ నాదే.

నేను ప్రసంగంలో చెప్పనిదంటూ ఏదీ లేదు. ఇదొక్కటే.

అయినా దీనికీ పాప పేరుకూ సంబంధం లేదు. ఆ పేరు వాక్యంలో లేదు.


శనివారం

తీర్మానించుకున్నాను. రేపు "ఇది నా నోట రాదు" అంటాను. కూతురని చూసి వదిలేస్తే బేకరీవాళ్ళు నా మొహాన ఉమ్మరా? ప్రసంగం సిద్ధంగా ఉంది. మెరుపూ వెలుగూ. ఇంత పదునైంది ఈ మధ్య చేయలేదు. కొడుకును బలిపీఠం మీద పడుకోబెట్టినవాడికి మనవరాలి పేరు ఒక లెక్కా అన్న దగ్గర గొంతు తగ్గించి, ఆ తర్వాత లేపాలి.

ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు.

"వచ్చే వారం నుంచి నేను ఏ హాలుకు పోవాలో చెప్పు."

"నాతోనే కదండీ?"

"నీతోనేలే. మనవరాలు ఉన్న హాలుకూ పోవాలని ఉంది. వారానికి ఆదివారం ఒక్కటే ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది."

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. కాలర్ మీద పెట్టె అలాగే ఉంచేశారు, కాలిన వాసన వచ్చాక తీశారు.


ఆదివారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాలు నిండా జనం. సంగతి అందరికీ తెలుసు. రహస్యంగా ఉండాల్సిన పేరు పెద్దావిడల దాకా పాకిపోయింది. బేకరీ దంపతులు ముందు వరసలో కూర్చున్నారు, చేతులు కట్టుకుని. నేను మైకు ముందుకు వచ్చాను. కింద కొట్టులో ఎవరో చక్రం విప్పుతున్నారు, సుత్తి దెబ్బలు మెట్ల మీదుగా పైకి వస్తున్నాయి. నాకు అదీ నచ్చింది. ఇలాంటి రోజున అలాంటి చప్పుడే ఉండాలి.

అమ్మాయి పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. చెవి దగ్గరికి వచ్చింది. ఏదో ఒకటి అదనంగా అంటుందనుకున్నాను, దయచేసి అనో, నా కోసం అనో. ఆ మూడక్షరాలే చెప్పి వెనక్కి జరిగి నిలబడింది. పాలబట్ట అప్పటికే భుజాన వేసుకుని ఉంది. ఇక్కణ్ణించి లేచి నేరుగా పక్క వీధికి వెళ్ళడానికి సిద్ధంగా వచ్చిందని అర్థమైంది.

సభ వైపు తిరిగాను. మాట నాలుక చివరన ఉంది. ఎవరికి చెబుతున్నానో వాళ్ళ మొహం చూసి చెప్పడం నా అలవాటు. అందుకని పాప మొహంలోకి చూశాను.

కళ్ళు తెరిచి ఉంది. ఆ వయసు కళ్ళకు ఏం కనబడుతుందో మా డాక్టరమ్మ చెప్పాలి. నాకు తెలిసినంతవరకు అది నన్నే చూసింది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూడలేదు. నా మొహంలో ఇంకొకరి మొహం కోసం వెతకలేదు. ఎవరు ఎత్తుకున్నారో వాళ్ళే తన మనిషి అన్నట్టు, అలా చూస్తూ ఉండిపోయింది.

పిలిచాను.

సభలో పిలిచే గొంతు కాదది. ఆసుపత్రి గొంతు కూడా కాదు. సాయంత్రం ఆటల్లో పడి ఇంటికి రాని మనిషిని, మెట్ల మీద నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలుస్తామే, అలా వచ్చింది. చివరి అక్షరం నేను ఆపలేదు, అది ఎంత దూరం పోవాలో అంత దూరం పోయింది.

సభ ఆమేన్ అనడానికి నోరు తెరిచింది. ఆలోపల వెనక గుమ్మం దగ్గరి బెంచీ నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఆఁ, వస్తున్నా."

అక్క. తెల్లబడ్డ తల, చేతిలో సంచి. పలకడమే కాదు, లేచి, బెంచీల మధ్య నుంచి సగం దూరం వచ్చేసింది కూడా. అప్పుడు గుర్తొచ్చినట్టుంది పిలిచింది తనను కాదని. అక్కడే ఆగిపోయింది. జనం అటు చూశారు, ఇటు చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు, దాంతో హాలంతా నవ్వింది. అక్క నవ్వలేదు. వెనక్కి వెళ్ళాలా, అక్కడే కూర్చోవాలా తెలియక సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

మెరుపూ వెలుగూ ప్రసంగం నా పుస్తకంలో మడతపెట్టి ఉంది. పాప నా చేతుల్లో ఉంది.

"రా," అన్నాను.

మైకులోనే అన్నాను. ఆగి ఉన్న సభ అప్పుడు ఆమేన్ అంది.